గాలి కన్నాల మీద టేపు

జ్వోల్లె
14 అక్టోబరు 1987

సీట్సెకి,

ఈ శనివారం మా అల్లుడు కారవాన్‌ని కారు వెనక తగిలించుకుని మీ ఊరు తీసుకొస్తున్నాడు. ప్రతి ఏడూ మీ అన్న తెచ్చేవాడు. నువ్వు కొట్టం తలుపులు బార్లా తీసి "వెనక్కి, ఇంకా వెనక్కి, ఆపు, ఆపమన్నానా" అని అరిచేవాడివి. నేను కారులో కూర్చుని మీ అన్నదమ్ముల తగువు వినేదాన్ని. ఈసారి అల్లుడు ఒక్కడే వస్తాడు. అతనికి వెనక్కి తోలడం అంతగా రాదు, కేకలేయకు.

నువ్వు పంపిన కాగితం అందింది. నీ కొట్టంలో చలికాలం దాచుకునే ఇరవై రెండు కారవాన్ల వాళ్లకూ పంపించే అదే కాగితం. అల్మారాలు తెరిచి పెట్టండి, పరుపులు గోడకు తగలకుండా నిలబెట్టండి, ఫ్రిజ్ తలుపు సందులో పుల్ల పెట్టండి, గాలి కన్నాలు మూయకండి. మీ అన్న పంతొమ్మిదేళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఆయన పని పూర్తయ్యాక లోపల చూస్తే దొంగలు పడ్డ ఇల్లులా ఉండేది. "ఎవరైనా చూస్తే నన్నేమనుకుంటారు?" అంటే, "కొట్టంలో చూసేది ఎలకలేగా, వాటికి నీ పరువుతో పనేంటి?" అనేవాడు.

ఈసారి సర్దింది నేను. మోకాళ్ల మీద కూర్చుని నేల రెండుసార్లు సబ్బు నీళ్లతో కడిగాను. దుప్పట్లు ఉతికి పక్కలు వేశాను. అల్మారాలన్నీ మూసి, తెరలకు పిన్నులు పెట్టాను. నా జన్మలో మొదటిసారి ఆ కారవాన్ చలికాలానికి మర్యాదగా వెళ్తోంది. కిటికీ పక్క ఆయన కూర్చునే మూల మాత్రం ముట్టుకోలేదు. నీలం స్వెటర్ కొక్కేనికి అలాగే ఉంది. పైపు, పొగాకు డబ్బా సొరుగులో ఉన్నాయి. ఆఖరిసారి చదివిన పేపరు బల్ల మీదే ఉంది. పైనా కిందా ఉన్న నాలుగు గాలి కన్నాలకూ వెడల్పు టేపు అంటించాను, లోపలున్నది బయటికి పోకూడదని.

నిన్ను అడిగేది ఒక్కటే. ఆ తలుపు తెరవొద్దు. తాళంచెవి నీ దగ్గరుండేది కొట్టానికి నిప్పంటుకుంటే బయటికి లాగడానికే. మే నెలలో నేనే వచ్చి తీస్తాను. తీయగానే ఒక్కసారి ఆయన వాసన పీల్చుకోవాలి. ఆయన పోయిన వారానికే మా అమ్మాయి లీస్బెట్ ఇంట్లో ఉన్న ఆయన బట్టలన్నీ ఉతికేసింది. నాకు మంచి చేస్తున్నాననుకుంది పాపం. ఇక మిగిలింది ఆ కారవాన్ ఒక్కటే, సీట్సె.

అంత్యక్రియల రోజు నువ్వు హాల్లో అందరితో కూర్చుని కాఫీ కూడా తాగకుండా పాలు పితకాలని వెళ్లిపోయావు. దానికి నాకేం కోపం లేదు.

రెన్స్కె


వోర్కమ్
20 అక్టోబరు 1987

వదినా,

కారవాన్ వచ్చింది. కేకలేయొద్దన్నావు కానీ, వేయకపోతే మీ అల్లుడు నా కొట్టం స్తంభాన్ని జ్వోల్లెకి పట్టుకుపోయేవాడు. మంచి పిల్లాడే, కుడి ఎడమలు మాత్రం తెలియవు. నీ బండిని ముందు వరుసలో, తలుపు పక్కనే పెట్టించాను. మిగతావన్నీ ఒకదాని మూతికి ఒకటి ఆనించి నింపేస్తాను, వసంతం దాకా వాటి మధ్యలోకి పిల్లి కూడా దూరదు. నీదాని చుట్టూ మాత్రం మనిషి తిరిగేంత జాగా వదిలాను.

ఇప్పుడు నువ్వు తిట్టే మాట చెబుతాను. ఇల్లలకగానే పండగ కాదంటారు. నీ విషయంలో అలకడమే అసలు తంటా. అక్టోబరులో నేల కడిగి, ఆ తడి ఆరకుండా తలుపు బిగించడమేంటి వదినా? తడి ఆరని గడ్డిని కొట్టంలో తొక్కితే ఏమవుతుందో నీకు తెలుసు. మా తాత కొట్టం అలాగే, గడ్డి లోలోపల వేడెక్కి కాలిపోయింది. తడి కారవాన్ కాలదు, బూజు పట్టి కుళ్లుతుంది. అదొక్కటే తేడా.

నువ్వు కడిగిన నీళ్లతోనే అయిపోదు. వేసవంతా మీరిద్దరూ నిద్రలో వదిలిన ఊపిరి ఆ పరుపుల్లో, గోడ చెక్కల్లో తేమగా చేరి ఉంటుంది. చలి ముదిరాక అది బయటికొచ్చి కప్పుకు పడుతుంది. కన్నాలు తెరిచుంటే గాలికి పోతుంది. మూసేస్తే లోపలే తిరుగుతుంది. బూజు ముందు పట్టేది ఉన్నికి, తర్వాత కాగితానికి. అంటే అన్నయ్య స్వెటర్‌కి, అన్నయ్య పేపరుకి.

ఆ టేపు పీకనీ. పరుపులు నిలబెట్టి, గిన్నెల్లో కల్లుప్పు పోసి పెడతాను, తేమ లాగుతుంది. అన్నయ్య మూల ముట్టుకోను. సరే అని ఒక్క ముక్క రాస్తే చాలు.

కాఫీ సంగతి. నలభై ఆవులు వదినా, సాయంత్రం నాలుగయ్యేసరికి పొదుగులు బిగిసి అరుస్తాయి. అది సాకు అని నువ్వంటావు. కావచ్చు. ఆ హాల్లో అందరూ అన్నయ్య గురించి నవ్వుతూ మాట్లాడుకుంటుంటే నాకు నిలబడటం చేతకాలేదు.

సీట్సె


జ్వోల్లె
26 అక్టోబరు 1987

సీట్సె,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్న ఊపిరి ఆ పరుపుల్లో ఉందని నాకు తెలియదు. చెప్పి మంచి పని చేశావు. ఇప్పుడు టేపు అసలే పీకొద్దు.

పంతొమ్మిదేళ్లు ఆయన నీ కాగితంలో రాసినట్టే చేశాడు. కారవాన్ గుండ్రాయిలా ఉంది, పోయింది ఆయనే. బూజు పడితే పట్టనీ. అది నాదీ ఆయనదీ, మీ ఇరవై ఒక్క మందిదీ కాదు. చాదస్తం అనుకో, మతి పోయిందనుకో, నాకేం బాధ లేదు.

తాళంచెవి మేకుకు తగిలించు. తెరవనని మాట రాసి పంపు.

రెన్స్కె


వోర్కమ్
6 డిసెంబరు 1987

వదినా,

మాట రాసి పంపిన నెల రోజులకు మళ్లీ కలం పట్టాను, ఏమీ అనుకోకు. నిన్న సెయింట్ నికొలాస్ పండగ కదా, ఇందులో నీ పేరు మొదటి అక్షరం ఆకారంలో చేసిన చాక్లెట్ పెట్టాను. ప్రతి ఏడూ అన్నయ్యే నీకు కొనేవాడు. కొట్టువాడు నాకు ముందు విరిగిన అక్షరం ఇచ్చాడు. మార్చి తెచ్చాను.

ఇక్కడ రోజూ పొగమంచే. కొట్టం రేకుల మీంచి నీళ్లు వర్షంలా కారుతున్నాయి. స్నేక్ ఊరి బడిపంతులు ఒకాయన తన కారవాన్ ఫ్రిజ్‌లో సగం జున్ను చక్రం మర్చిపోయి తలుపు గట్టిగా మూసి వెళ్లిపోయాడు. వాసన ఆరు కారవాన్లు దాటి నా దాకా వచ్చింది. దాన్ని తీయడానికి నేను ఆ ఆరింటి కిందనుంచి పాకాల్సి వచ్చింది. ఆ జున్నుకి గడ్డం మొలిచింది. ఆయనకు ఫోన్ చేస్తే, "కొంచెం గీకి చూడండి, లోపల బాగుంటుందేమో" అన్నాడు. పంతుళ్లతో వేగలేం.

నీ కారవాన్ బాగుంది. తాళంచెవి మేకుకే ఉంది.

నాకు కాస్త పొడి దగ్గు పట్టుకుంది. పక్క పొలం వీబె ఏంటని అడిగితే గడ్డి దుమ్మని చెప్పాను. నువ్వు వేళకు తింటున్నావా?

సీట్సె


జ్వోల్లె
10 జనవరి 1988

సీట్సె,

నీ చాక్లెట్ ఒక్క పూటలో తినేశాను. లీస్బెట్‌కి ఒక ముక్క కూడా మిగల్చలేదు. కొత్త సంవత్సరానికి అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా పిండి కలిపి, నూనెలో ఉండలు వేయించాను. నలభై అయ్యాయి. మెట్ల మీద కనిపించిన వాళ్లందరికీ పంచాను. పై అంతస్తులో ఉండే ముసలాయన ఇప్పుడు నన్ను చూడగానే టోపీ తీస్తున్నాడు. ఇదొక కొత్త తలనొప్పి.

నీమీద విసుక్కున్నాను కానీ, నువ్వు మాట నిలబెట్టుకున్నావు. దానికి థాంక్స్. ఇక్కడ లోకమంతా నాకు మంచి చేయాలని చూస్తోంది. ఒకరు బట్టలు ఉతికారు, ఒకరు ఆయన కుర్చీ మార్చేశారు. నేను చెప్పింది చెప్పినట్టు చేసినవాడివి నువ్వొక్కడివే.

ఒక్కోసారి రైలెక్కి వచ్చి ఆ కారవాన్ పక్కన ఊరికే కూర్చోవాలనిపిస్తుంది. కానీ వస్తే తెరుస్తాను. తెరిస్తే అయిపోతుంది. అది ఒక్క ఊపిరికే కదా ఉంటుంది. అందుకని రాను.

వాన పడితే మాత్రం నాకు ఏ పనీ తోచదు. ఆ సాయంత్రం గురించి నీకు ఎప్పుడైనా చెబుతాను. ఇప్పుడు చెప్పలేను.

దగ్గు తగ్గిందా? పొగ మానేసి పద్నాలుగేళ్లయింది కదా, ఇంకా ఈ దగ్గేంటి? తేనె తాగు.

రెన్స్కె


వోర్కమ్
7 ఫిబ్రవరి 1988

వదినా,

పొగమంచు పోయింది. మూడు రోజులుగా తూర్పు గాలి, పొడి చలి. కాలవలు గడ్డకట్టాయి, పిల్లలు బడి ఎగ్గొట్టి జారుతున్నారు. నాకు కావలసింది ఇలాంటి గాలే. కొట్టం తలుపులు రెండు పక్కలా తీసి పెడతాను, బండ్లన్నీ ఊపిరి పీల్చుకుంటాయి. చాలామందికి తెలియనిది ఏంటంటే, వెచ్చగా ఉన్న రోజు తెరిస్తే చెరుపే. వెచ్చటి తడిగాలి లోపలికొచ్చి చల్లటి గోడలకు అతుక్కుంటుంది. ముక్కు గడ్డకట్టే రోజే తెరవాలి.

మొన్న ఒక దూడ పుట్టింది. కాళ్లు ముందుకు రాలేదు, వీబె నేను కలిసి లాగాం. తల్లీ పిల్లా బాగున్నాయి. దానికి నీ పేరు పెడదామంటే వీబె వద్దన్నాడు, "పెద్దయ్యాక తంతుంది" అని.

నువ్వు అన్నయ్య స్వెటర్ మోచేతికి వేసిన అతుకు చూస్తే మా అమ్మ గుర్తొస్తుంది. ఆమె కూడా అంతే, చేతికి ఏ ఉన్ని దొరికితే దానితో వేసేది. నీలానికి గోధుమ రంగేంటని అన్నయ్య అడగలేదా?

దగ్గు ఉంది, పరవాలేదు.

సీట్సె


జ్వోల్లె
10 ఫిబ్రవరి 1988

సీట్సె గారికి,

ఆ అతుకు నేను ఆగస్టు ఆఖరి వారంలో, జీలాండ్ సముద్రతీరాన సెలవుల శిబిరంలో, కారవాన్ ముందు కూర్చుని వేశాను. నీలం ఉన్ని దొరకలేదు. మరుసటి వారం మీ అన్న పోయారు. ఆ స్వెటర్ కారవాన్ దాటి బయటికి రాలేదు. తెరలకు నేనే పిన్నులు పెట్టాను, బయటినుంచి చూసినా కనిపించదు.

మీరు దాన్ని ఎక్కడ చూశారు?

జవాబు నాకు తెలుసు. మీ చేత్తో రాయించాలనే అడుగుతున్నాను. మాట నిలబెట్టుకున్నది మీరొక్కరే అని పోయిన నెల రాశాను. ఆ ఉత్తరం దయచేసి చించేయండి.

రెన్స్కె


వోర్కమ్
14 ఫిబ్రవరి 1988

వదినా,

ముప్పై ఒక్క ఏళ్లలో నన్ను మొదటిసారి "గారు" అన్నావు. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. వీబె నన్ను చూసి ఏ ఆవు చచ్చిందని అడిగాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

నవంబరు పదిహేను, ఆదివారం. వారం రోజులుగా పొగమంచు. నీ కారవాన్ చుట్టూ తిరుగుతుంటే కిటికీ అద్దాల లోపలి వైపు నీళ్లు ధార కట్టి కనిపించాయి. తలుపు అంచున ముక్కు పెట్టి చూశాను. అన్నయ్య వాసన కాదది. బంగాళాదుంపలు కుళ్లిన నేలమాళిగ వాసన. తాళంచెవి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నీకు మాటిచ్చాను. తెరిస్తే నీకిచ్చిన మాట పోతుంది, తెరవకపోతే నువ్వు దాచుకున్నదంతా పోతుంది. చాలాసేపు నిలబడి, తెరిచాను.

కప్పు నిండా నీటి బొట్లు. నువ్వు కడిగిన తడి పరుపు కింద ఇంకా ఆరలేదు. అన్నయ్య బెంచీ వెనక గోడకు మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. స్వెటర్ ఎడమ చేతి మీద తెల్లటి నూగు. మేలో నువ్వు తలుపు తీసి ఇది చూడకూడదనుకున్నాను.

టేపు నాలుగు చోట్లా పీకేశాను. పరుపులు నిలబెట్టాను, అల్మారాలు తెరిచాను, గిన్నెల్లో కల్లుప్పు పోశాను. మొదట్లో మూడు రోజులకే ఉప్పు నీరుకారిపోయేది, ఇప్పుడు పొడిగా ఉంటోంది. గోడ చుక్కలు వెనిగర్‌తో తుడిచాను. స్వెటర్ ఉతకలేదు. ఉతికితే నీకు ఏమీ మిగలదని నాకు తెలుసు. గాలి పొడిగా వీచిన రోజు కొట్టం వెనక తీగ మీద వేసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, మళ్లీ కొక్కేనికే తగిలించాను. అప్పుడే ఆ అతుకు చూశాను. పేపరు నా వంటింట్లో పొయ్యి పక్కన ఆరబెట్టి, మడత పోకుండా బల్ల మీద పెట్టాను.

వెనిగర్ ఘాటు పోవడానికి పది రోజులు పట్టింది. అది పోయాక లోపల ఏ వాసనా లేదు. బూజూ లేదు, అన్నయ్యా లేడు, ఉత్త చెక్క వాసన. కారవాన్‌ని కాపాడాను, నువ్వు దాచమన్నదాన్ని పోగొట్టాను. అప్పుడు ఒక పిచ్చి పని చేశాను. సొరుగులోంచి పొగాకు డబ్బా తీసి అన్నయ్య పైపు వెలిగించాను. నాకు తెలిసిన అన్నయ్య వాసన అదే. కొట్టంలోకి వచ్చినా, అమ్మ పక్కన కూర్చున్నా, ఆయన కంటే ముందు ఆ పొగాకు వచ్చేది. అప్పటినుంచి ప్రతి ఆదివారం, పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ మధ్య, ఆయన మూలలో కూర్చుని ఒక పైపు తాగుతున్నాను. తల తిరుగుతుంది, దగ్గొస్తుంది. దగ్గు గడ్డి దుమ్ముతో వచ్చింది కాదు. నువ్వు తలుపు తీయగానే నీకు ఆ వాసన తగలాలని అనుకున్నాను. మోసమే, ఒప్పుకుంటాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. అన్నయ్య ప్రతి ఏడూ పిలిచేవాడు, "రెండు రోజులు రారా. ఆవులు నిన్ను మర్చిపోవులే" అని. నేను వచ్చే ఏడు అనేవాణ్ని. ఇరవై రెండు కారవాన్లు కాపాడతాను కానీ ఏ ఒక్కదాంట్లోనూ ఒక్క రాత్రి పడుకోలేదు. ఆ బెంచీ మీద నేను మొదటిసారి కూర్చున్నది ఆయన పోయాక. మొదట్లో నీకోసమే వెళ్లాను. కొత్త సంవత్సరం నుంచి నాకోసమే వెళ్తున్నాను.

టేపు మళ్లీ అంటించను. అది మాత్రం అడగొద్దు.

సీట్సె


వోర్కమ్, నీ కొట్టంలో, మీ అన్న బల్ల దగ్గర
25 మార్చి 1988, శుక్రవారం

సీట్సె,

నువ్వు పశువుల సంతకు పోయే రోజని తెలిసే వచ్చాను. నీ ముఖం చూస్తే తిట్టాలనుకున్నవన్నీ మర్చిపోతానని భయం. తాళంచెవి మేకుకే ఉంది. ఆ ముక్క మాత్రం నిజమే రాశావు.

ఆరు వారాలు నీకు జవాబు రాయలేదు. రాసి చించాను, మళ్లీ రాసి మళ్లీ చించాను. ఇవాళ పొద్దున లేచి, మే దాకా ఎందుకు, ఇక దాచుకోవడానికి ఏముందని రైలెక్కాను.

తలుపు తీశాను. తీయగానే పైపు వాసన.

నీకు తెలియని సంగతి ఒకటుంది. మీ అన్న ఈ కారవాన్‌లో ఒక్కసారి కూడా పొగ తాగలేదు. పంతొమ్మిది వేసవుల్లో ఒక్కసారి కూడా. నేను తాగనివ్వలేదు. తెరలకు పడుతుందని, పరుపులకు పడుతుందని. ఆయన పైపు తీయగానే "హార్మెన్, బయటికి" అనేదాన్ని, ఎండైనా వానైనా. వాన పడితే గొడుగేసుకుని మెట్టు మీద కూర్చుని తాగేవాడు. పక్క గుడారం వాళ్లు నవ్వితే, "మా ఆవిడ మంచిదే, ఈ వానే చెప్పిన మాట వినదు" అనేవాడు. నువ్వు ఎప్పుడూ మాతో రాలేదు కాబట్టి నీకిది తెలియలేదు.

ఆ సాయంత్రం కూడా వానే. ఆల్చిప్పలు వండాను, ఇష్టంగా తిన్నాడు. పైపు తీసి నావైపు చూశాడు. "ఇవాళ చలిగా ఉంది రెన్స్కె, ఈ ఒక్కసారికి ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుంటాను" అన్నాడు. "చలేస్తే స్వెటర్ వేసుకుని వెళ్లు" అన్నాను. "ఎందుకులే, మళ్లీ దానికి పొగ పట్టిందంటావు" అని దాన్ని కొక్కేనికే వదిలి వెళ్లాడు. నేను గిన్నెలు తోమాను. బల్ల తుడిచాను. కాఫీ తీసుకుని వెళ్లేసరికి మెట్టు మీద కూర్చునే ఉన్నాడు, గొడుగు పక్కకు ఒరిగి ఉంది. భుజం తడిసిపోయింది. గుండె అన్నాడు డాక్టర్. లోపలున్నా అదే జరిగేదట. డాక్టర్లు అలాగే అంటారు. పైపు తుడిచి సొరుగులో పెట్టింది నేనే.

ఇది ఎవరికీ చెప్పలేదు, లీస్బెట్‌కి కూడా. అంత్యక్రియల్లో అందరూ "హాయిగా పోయాడు, సెలవుల్లో పోయాడు" అంటుంటే నేను తల ఊపాను. నువ్వు కాఫీ తాగకుండా పోయినందుకు నాకు కోపమే వచ్చింది సీట్సె. నేనూ అలా లేచి పోగలిగితే బాగుండేదనిపించింది.

నేను టేపు వేసి దాచింది ఏ వాసనో నాకే తెలియదు. బహుశా నేను కడిగిన సబ్బు వాసనే అయ్యుంటుంది.

అందుకే ఇవాళ తలుపు తీయగానే ముందు ఒళ్లు మండింది. పంతొమ్మిదేళ్లు నేను కాపాడుకున్న తెరలు, వాటికి నీ పొగ. కాసేపటికి ఆయన మూలలో కూర్చున్నాను. స్వెటర్ ఒళ్లో పెట్టుకున్నాను. దానికి పొగాకు వాసన పట్టింది, కాస్త నీ ఆవుల వాసన కూడా. మీ అన్న వానలోంచి లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నట్టుంది. నేను రానిచ్చినట్టుంది. చాలాసేపు ఏడ్చాను. నీ ఉప్పు గిన్నెలు ఇప్పుడు మళ్లీ మార్చుకోవాలేమో.

నువ్వు పీకిన టేపు ఉండలు చుట్టి గూట్లో పెట్టావు. పారేస్తున్నాను. పై కన్నం మూత ఇంకా కొంచెం ఎత్తి పెట్టాను, నీ కాగితంలో రాసినట్టే. అల్మారాలు బార్లా తెరిచి దొంగలు పడ్డట్టుంది, దాని జోలికి పోలేదు.

మే పదకొండున జీలాండ్ వెళ్తున్నాను. నువ్వూ వస్తున్నావు. ఆవుల సంగతి వీబెని అడుగు. వచ్చే ఏడు అన్నావంటే బతికినంతకాలం నిన్ను గారు అంటాను. సెప్టెంబరులో తాగకుండా పోయిన కాఫీ అక్కడ తాగుదువు గాని.

ఆ డబ్బాలో పొగాకు కొంచెం మిగిలి ఉంది, చూశాను. దాన్ని అక్కడ తాగాలి. బయట కాదు.

రెన్స్కె


వోర్కమ్
7 మే 1988

వదినా,

సంత నుంచి వచ్చిన రోజే నీ ఉత్తరం చదివాను. బల్ల మీద ఎవరో ఉత్తరం పెట్టి ఉంటే ముందు ఆ బడిపంతులే జున్ను అడగడానికి వచ్చాడనుకున్నాను. చదివి ఆ సాయంత్రం పాలు గంట ఆలస్యంగా పితికాను. నలభై ఆవులూ అరిచాయి, అరవనిచ్చాను.

ఆ సాయంత్రం సంగతికి నేను ఏమీ రాయలేకపోయాను. అన్నయ్య వానంటే భయపడే మనిషి కాదు, చిన్నప్పుడు మా ఇద్దర్నీ ఇంట్లోకి తోలడానికి మా అమ్మ చీపురు పట్టుకునేది. అదొక్కటే చెప్పగలను.

వీబె మూడు రోజులు పాలు పితుకుతానన్నాడు. "నలభై ఏళ్లలో ఒక్క రాత్రి కూడా ఊరు దాటి పడుకోలేదు, ఇప్పుడేంటి?" అన్నాడు. "మా అన్నయ్య రమ్మన్నాడు" అన్నాను. నోటికి అలాగే వచ్చింది.

కారవాన్ సిద్ధంగా ఉంది. పరుపులు పరిచాను, పొడిగా ఉన్నాయి. మూల మూలలా ముక్కు పెట్టి చూశాను, బూజు జాడ లేదు. బుధవారం పొద్దున పాలు పితకడం అవగానే నా బండికి తగిలించుకుని జ్వోల్లె వస్తాను. సెలవులకు వెళ్లేవాళ్లు ఏం పట్టుకెళ్తారో నాకు తెలియదు. రెండు చొక్కాలు, ఒక జత శుభ్రమైన బూట్లు పెట్టుకున్నాను. ఇంకేమైనా కావాలంటే ఫోన్ చెయ్యి.

ఈ ఏటి కాగితంలో ఒక ముక్క కలుపుతున్నాను. పోయినవాళ్ల వస్తువులు కారవాన్‌లో వదలకండి, నా వంటింట్లో ఇచ్చి వెళ్లండి, పొయ్యి పక్కన పొడిగా ఉంటాయి అని.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి డబ్బా ముట్టుకోలేదు. ఒక పైపుకు సరిపోతుంది, మహా అయితే రెండు. నాకు దగ్గొస్తుంది, నీకు అలవాటే లేదు. ఎలాగో కానిద్దాం.

ఆ వారమంతా తీరం పొడుగునా వానలేనని రేడియోలో చెబుతున్నారు. పడనీ వదినా, మనం లోపలే కూర్చుంటాం.

సీట్సె